ఖాళీ ఫోటోలు

పులికి రెండు పక్కలుంటాయి. ఇందులో వింతేముంది, మేకకీ రెండు పక్కలే ఉంటాయి కదా అని మీరు అనొచ్చు. మేక సంగతి వేరు. పులికి ఎడమ పక్కనున్న చారలు కుడి పక్కన ఉండవు. ఎడమ పక్క చూసి ముద్దుపేరు పెట్టుకున్న పులే కుడి పక్కకు తిరిగి నిలబడితే ఎక్కడిదో పరాయి పులి అనుకుంటాం. ఈ ముక్క క్షుణ్ణంగా తెలిసిన మనిషి ఆ అభయారణ్యం ఆఫీసు మొత్తానికి ఒక్కతే ఉండేది. పొరపాటు చేసిందీ ఆవిడే.

ఆవిణ్ణి అందరూ చారలక్క అనేవాళ్ళు. అడవిలో చెట్లకు కట్టిన కెమెరాలు ఎదురుగా ఏది కదిలితే దాన్ని ఫోటో తీస్తాయి. వాచర్లు వారానికోసారి వెళ్ళి అందులో కార్డులు మార్చి, పాతవి తెచ్చి ఆవిడ బల్ల మీద పెడతారు. ఆవిడ కంప్యూటర్ ముందు కూర్చుని, కళ్ళలో వత్తులు వేసుకుని, ఏ ఫోటోలో ఏ పులుందో చారలు చూసి తేల్చాలి. ఆరేళ్ళుగా అదే పని. ఆరేళ్ళుగా టెంపరరీ.

ఆ గది ఒకప్పుడు గుడారాల సామాన్ల గది. గుడారాలు పోయినా బూజు పట్టిన గుడ్డ వాసన మాత్రం పోలేదు. ఒక్కటే కిటికీ, దానికెదురుగా జీపుల షెడ్డు. గోడ మీద వరసగా అట్టలు, పులికో అట్ట. అట్ట మీద రెండు గళ్ళు, ఎడమ పక్క ఫోటోకి ఒకటి, కుడి పక్క ఫోటోకి ఒకటి. పది అట్టల్లో రెండు గళ్ళూ నిండి ఉండేవి. పదకొండో అట్టలో కుడి గడి ఖాళీ. పన్నెండో అట్టలో ఎడమ గడి ఖాళీ. వచ్చినవాళ్ళందరూ పులుల్ని చూసి ఆహా ఓహో అన్నారుగానీ ఖాళీ గళ్ళని చూసినవాడు లేడు.

ఇంకో ఖాళీ సంగతి కూడా చెప్పాలి. కెమెరాలకు బుర్ర ఉండదు. గాలికి గడ్డి ఊగినా తీస్తాయి, ఎండ పడి ఆకు మెరిసినా తీస్తాయి. నూరు ఫోటోల్లో ఎనభై అలాంటివే. వాటన్నిటినీ 'ఖాళీ' అని రాసున్న ఫోల్డర్‌లో పడెయ్యాలి. జంతువు లేని ఫోటో ఏదైనా ఖాళీయే. మనిషి పడ్డా ఖాళీయే. ఆ అడవి లెక్కలో కుందేలుకి ఓ గడి ఉంది, ముళ్ళపందికి ఓ గడి ఉంది, మనిషికి మాత్రం లేదు.

అందుకే చారలక్క తమ్ముడు ఆరేళ్ళుగా ఖాళీ ఫోల్డర్‌లోనే ఉంటున్నాడు.

తమ్ముడు వాచరు. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే చారలక్కే పెంచింది. పెద్దసారు చుట్టూ చెప్పులరిగేలా తిరిగి ఉద్యోగం వేయించిందీ ఆవిడే. పెద్దసారంటే ఆ అభయారణ్యానికంతటికీ అధికారి. పాత కార్డు తీసేముందూ, కొత్తది పెట్టాకా వాచరు కెమెరా ముందు నిలబడి, తేదీ, కెమెరా నంబరు రాసిన పలక పట్టుకుని ఒక్కో ఫోటో పడాలి. అది పద్ధతి. మిగతా వాచర్లు పలక పట్టుకుని శవాల్లా నిలబడేవాళ్ళు. తమ్ముడు నాలుక బయటపెట్టేవాడు, పలక నెత్తిన పెట్టుకునేవాడు, చెవులు పట్టుకుని గుంజీళ్ళు తీసేవాడు. ఆ ఫోటో చూసే మనిషి ప్రపంచంలో అక్క ఒక్కతేనని వాడికి తెలుసు. చారలక్క నవ్వుకుని, "నీ మొహం మండ" అని తెరకేసి తిట్టి, ఖాళీలో పడేసేది.

ఇక పొరపాటు. కెమెరాల్ని జంటగా కట్టాలి, దారికి ఇటొకటి, అటొకటి. అప్పుడు పులి రెండు పక్కలూ ఒకేసారి పడతాయి. ఉత్తరం వైపు కెమెరాలు చాలక ఒక్కోచోట ఒక్కటే కట్టారు. వెదురు దారిలో కెమెరాకు ఒక పులి ఎప్పుడూ ఎడమ పక్కే పడేది. దానికి పదకొండు అని నంబరు. వాగు దారిలో కెమెరాకు ఒక పులి ఎప్పుడూ కుడి పక్కే పడేది. ఇలా ఒక్కో పక్కే దొరికినప్పుడు ఎడమ పక్కల్ని మాత్రమే లెక్కపెట్టాలి, కుడి పక్కల్ని వదిలెయ్యాలి. చారలక్కకి ఆ నియమం కంఠతా వచ్చు. కానీ లెక్క పంపాల్సిన ఆఖరి రోజున పెద్దసారు వెనకాల నిలబడి, "పదకొండేంటమ్మా, దిష్టి తగిలినట్టు? పన్నెండు చెయ్యి, నోటికి నిండుగా ఉంటుంది" అని నవ్వుతూ వేధిస్తుంటే, ఆవిడా నవ్వుతూ వాగు దారి పులికి పన్నెండని నంబరేసింది. మర్నాడు సరిచేద్దామనుకుంది. మర్నాటికల్లా లెక్క పైకి వెళ్ళిపోయింది.

పులి పెరిగిందని సభ పెట్టారు. గేటు దగ్గర మనిషెత్తు బోర్డు మీద పన్నెండు అని రంగు వేయించారు. పెద్దసారుకి దండలు పడ్డాయి. చారలక్కకి వెనక వరసలో కుర్చీ పడింది.

పదకొండుకి చెడ్డపేరు. వెదురు దారిలో జీపు మీదికి వచ్చింది, గడ్డి కోసే ఒక మనిషి భుజం చీల్చింది. అందుకని ఒక రూలు పెట్టారు. పదకొండు కనబడ్డ దారిలో పది రోజులు ఎవరూ నడవకూడదు, జీపులోనే వెళ్ళాలి. పన్నెండుకి మాత్రం మంచిపేరు. సాయంత్రం పూట వాగు ఒడ్డున కుడి పక్క చూపిస్తూ, మేత మేసిన ఆవులా పడుకునేది. గైడ్లు దానికి బంగారం అని పేరు పెట్టి టూరిస్టులకు చూపించేవాళ్ళు. అది కనబడ్డ దారిలో ఎవరైనా నడవొచ్చు.

ఆఫీసు వసారాలో ఒక నల్లబోర్డు ఉండేది, దాని మీద అడవి దారుల పటం. రోజూ పొద్దున్నే చారలక్క చాక్‌పీసు పట్టుకుని, ఏ దారిలో ఏ పులి పడిందో ఆ దారి పక్కన నంబరు రాసేది. వాచర్లు అది చూసుకుని అడవిలోకి వెళ్ళేవాళ్ళు. ఆవిడ చాక్‌పీసు రాత మీద అంతమంది ప్రాణాలు నడిచేవి.

లెక్క పైకి వెళ్ళిన నాలుగు నెలలకు, తమ్ముడు తెచ్చిన ఒక కార్డులో ఆ ఫోటో వచ్చింది. వాగు దారి కెమెరా. పులి నీళ్ళు తాగడానికి వంగి, ఏదో చప్పుడు విని గిర్రున వెనక్కి తిరగబోయి, కెమెరాకి వీపు చూపించింది. వెన్నెముక నడిమధ్యన గీతలా కనబడుతోంది. ఆ గీతకి ఎడమ పక్క చారలున్నాయి, కుడి పక్క చారలూ ఉన్నాయి. చారలక్క ముందు కుడి పక్క చూసింది, పన్నెండు. తర్వాత ఎడమ పక్క చూసింది. భుజం మీద విరిగిన కొమ్మలాంటి చార. దాని కింద రెండు చుక్కలు. అది పదకొండు.

ఉన్నది ఒకటే పులి. వేటకు వెళ్ళేటప్పుడు వెదురు దారిన వెళ్తుంది, తిరిగొచ్చేటప్పుడు వాగు దారిన వస్తుంది. ఆకలితో ఉంటే పదకొండు, కడుపు నిండితే పన్నెండు. మంచీ చెడ్డా పులికి ఎప్పుడూ లేవు, ఆ నంబర్లు వేసినవాళ్ళకే ఉన్నాయి.

ఫోటో ప్రింటు తీసి, గోడ మీది రెండు అట్టలూ ఊడదీసి, మూడూ ఫైల్లో పెట్టుకుని పెద్దసారు గదికి వెళ్ళింది. వెళ్ళిందని గట్టిగానే చెప్పాలి, ఆవిడ పక్షాన చెప్పడానికి ఉన్నది అదొక్కటే.

పెద్దసారు మంచి హుషారుగా ఉన్నాడు. "రా అమ్మా, నూరేళ్ళాయుష్షు నీకు, ఇప్పుడే నీ ఫైలు చూస్తున్నా" అన్నాడు. "నిన్ను పర్మినెంటు చెయ్యమని పైకి రాశాను. ఏమని రాశానో తెలుసా? ఈవిడ కంటికి దొరక్కుండా ఒక్క పులి కూడా తిరగలేదు, ఈవిడ వల్లే మన లెక్క పెరిగింది అని రాశాను."

"సార్, ఆ లెక్క గురించే ఒక మాట..."

ఆయన నవ్వు ఆగలేదుగానీ కళ్ళు మాత్రం ఆగిపోయాయి. చారలక్క చేతిలో ఫైలు వంక చూశాడు. తెరవమనలేదు.

"లెక్కలో పులులు పెరుగుతాయమ్మా, తరగవు. తరగాల్సి వస్తే ముందు తరిగేది నువ్వే. నీ వెనకాల నీ తమ్ముడు. ఇంతకీ ఏదో చెప్పబోయావు?"

చారలక్క ఫైలుని చంకలో పెట్టుకుంది. "ఫ్యాను చప్పుడు చేస్తోంది సార్, మార్పిస్తారేమోనని."

"దానికంత ఫైలెందుకమ్మా" అని ఆయన పగలబడి నవ్వాడు. ఫ్యాను మర్నాడే మార్పించాడు.

గదికొచ్చి అట్టలు మళ్ళీ గోడకు తగిలించింది, ప్రింటు చింపేసింది. ఆ ఫోటోని చెరిపేద్దామంటే కుదరదు, ప్రతి ఫోటోకీ వరస నంబరుంటుంది, మధ్యలో ఒకటి తెగితే ఎందుకు తెగిందో రాసివ్వాలి. పులుల ఫోల్డర్‌లో ఉంచడానికీ లేదు. ఎవరూ తెరవని చోటు ఒకటే ఉంది. ఆవిడ ఆ ఫోటోని ఖాళీలో పడేసింది. దాని వెనకే, అదే కార్డులో, తమ్ముడు పలక నెత్తిన పెట్టుకుని పళ్ళికిలించిన ఫోటో ఉంది. దాన్నీ ఖాళీలో పడేసింది.

ఆ రోజు నుంచీ చారలక్క బుర్రలో ఒకటే పురుగు తొలిచేది. వాగు దారిలో కుడి పక్క పడ్డప్పుడల్లా బోర్డు మీద పన్నెండని రాయాలి. పదకొండని రాస్తే ఫోటో చూపించమంటారు. రాసేది, రాసి చేతులు కడుక్కునేది. ఆ తర్వాత డ్యూటీలు వేసే గుమాస్తా దగ్గరికి వెళ్ళి, "మా తమ్ముడికి మోకాలు నొప్పిగా ఉంటోందయ్యా, వాగు దారి ఎగుడుదిగుడు కదా, వాణ్ణి దక్షిణం వైపు వెయ్యి" అనేది. గుమాస్తా మంచివాడు. తమ్ముణ్ణి దక్షిణం వైపు వేసి, ఆ స్థానంలో పొడుగు అనే వాచర్ని వాగు దారికి వేసేవాడు. పొడుగుకి ఇద్దరు కవల ఆడపిల్లలు. నెల రోజులు అలా జరిగింది. నెల రోజులూ పొడుగు నడుచుకుంటూ వెళ్ళి నడుచుకుంటూ వచ్చాడు. చారలక్క రోజూ సాయంత్రం కిటికీలోంచి వాడు తిరిగిరావడం చూసి ఊపిరి పీల్చుకునేది. రాకపోతే ఏం చేసేదో ఆవిడ ఎప్పుడూ తనని తాను అడగలేదు.

ఆ రోజు పైనుంచి తనిఖీకి ముగ్గురు పెద్దవాళ్ళు వచ్చారు. పొద్దున్నే బోర్డు మీద వాగు దారి పక్కన పన్నెండు రాసి, చెయ్యి కడుక్కుని, చారలక్క గదిలో సిద్ధంగా నిలబడింది. పెద్దసారు వాళ్ళని వెంటబెట్టుకుని వచ్చి, గోడ మీది అట్టల్ని సొంత పిల్లల్ని చూపించినట్టు ఒక్కొక్కటే చూపించడం మొదలుపెట్టాడు.

అప్పుడే తమ్ముడు తలుపులోంచి తల దూర్చాడు. భుజాన సంచీ, చేతిలో పలక.

"అక్కా, వాగు దారి కార్డొకటి ఖాళీది ఇయ్యి."

"నీది దక్షిణం కదా?" అంది చారలక్క.

"పొడుగుకి ఒళ్ళు కాలిపోతోందక్కా. నేను వెళ్తానులే పడుకోమన్నాను. పాపం వాడు నెలనుంచీ ఆ రాళ్ళల్లోనే పడి తిరుగుతున్నాడు, నా మోకాలు నొప్పని ఎవడో గుమాస్తా చెవిన వేశాడంట. నా మోకాలుకేం, దుక్కలా ఉంది." వాడు అక్కడే ఒక గంతేసి చూపించాడు. పెద్దవాళ్ళు నవ్వారు.

చారలక్క, "జీపులో వెళ్ళు" అంది.

"జీపు సార్ల కోసం ఉంచారు కదా."

"అయితే రేపు వెళ్దువుగాని."

"ఏంటక్కా నీ గోల?" తమ్ముడు వసారాలో బోర్డు వైపు తల ఊపాడు. "పన్నెండేగా."

పెద్దవాళ్ళలో ఒకావిడ ఆసక్తిగా, "పన్నెండంటే ఆ మంచి పులేనా?" అంది.

"బంగారం మేడమ్" అన్నాడు పెద్దసారు. "పిలిస్తే వస్తుంది. అక్క ప్రేమ మేడమ్ ఇది, తమ్ముడు ఇంకా ఉయ్యాల్లో ఉన్నాడనుకుంటోంది." అందరూ మళ్ళీ నవ్వారు. పెద్దసారు మాత్రం నవ్వుతూనే చారలక్క కళ్ళలోకి ఒకసారి చూశాడు.

ఒక్క మాట చాలు. రెండూ ఒకటే పులి. మూడు మాటలు. నోరు తెరిచింది కూడా. గదిలో ఐదు జతల కళ్ళు ఆవిడ నోటి మీదే ఉన్నాయి. బల్ల మీద, కొత్త ఫ్యాను గాలికి రెపరెపలాడుతూ, పర్మినెంటు ఫైలు నకలు ఉంది.

"జాగ్రత్త" అంది చారలక్క. కార్డు తీసి ఇచ్చింది.

పదకొండు గంటలకు వెళ్ళినవాడు మూడింటికి కూడా రాలేదు. నాలుగింటికి జీపు వెళ్ళింది. తనిఖీవాళ్ళ జీపే. పలక ఒకచోట దొరికింది, చెప్పులు ఇంకోచోట దొరికాయి, తమ్ముడు మరో మూడు చోట్ల దొరికాడు. పులి చంపిన మనిషి గురించి పెద్ద పెద్ద మాటలు చెప్తారుగానీ, అక్కడికి వెళ్ళినవాళ్ళు చేసింది గోనెసంచీ కోసం వెతకడం.

కెమెరాలో కార్డు మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని ఎప్పట్లాగే తెచ్చి చారలక్క బల్ల మీద పెట్టారు. వేరే ఎవరికీ ఆ పని రాదు మరి. పెద్దసారూ తనిఖీవాళ్ళూ వెనకాల నిలబడ్డారు. మొదటి ఫోటోలో తమ్ముడు ఒంటికాలి మీద నిలబడి, మోకాలు చేత్తో పట్టుకుని, నాలుక బయటపెట్టి ఉన్నాడు. నా మోకాలు చూడవే అక్కా అన్నట్టు. రెండో ఫోటోలో పులి కుడి పక్క. మూడో ఫోటోలో గడ్డి.

"పదకొండే కదమ్మా?" అన్నాడు పెద్దసారు, ఆవిడ నోరు తెరవకముందే. "బంగారం ఇలాంటి పని చెయ్యదు."

"పదకొండే సార్" అంది చారలక్క. నిజానికి అంత దగ్గరగా రావడం ఆవిడకి చాలా రోజుల తర్వాత అదే మొదలు. తర్వాత పద్ధతి ప్రకారం మొదటి ఫోటోని ఖాళీలో పడేసింది.

ఆరో రోజున పదకొండుని మత్తు సూదితో కొట్టి, బోనులో పెట్టి, ఎక్కడో దూరాన ఉన్న జూకి పంపించేశారు. గైడ్లు చంకలు గుద్దుకున్నారు, పీడ విరగడయిందని. తీరా చూస్తే ఆ రోజు నుంచి బంగారం కూడా కనబడటం మానేసింది. తోడు పోయేసరికి దిగులు పెట్టుకుందని ఒక గైడు టూరిస్టులకు కథ అల్లి చెప్పాడు, వాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. తమ్ముడి గురించి కూడా చెప్పేవాడేగానీ, టూరిస్టులు భయపడతారని పెద్దసారు వద్దన్నాడు.

నెలయ్యేసరికి పెద్దసారు చారలక్కని పిలిచాడు. "పన్నెండు ఏమైందమ్మా? ఒకటి బోనులో పోయింది, ఇది కూడా పోతే పైవాళ్ళు నా తోలు తీస్తారు. నీ కళ్ళకి దొరక్కుండా ఎక్కడికి పోతుంది? వెతుకు." అని, బల్ల సొరుగులోంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు. చారలక్క పర్మినెంటు అయింది.

మర్నాటి నుంచి బోర్డు మీద పన్నెండు మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది. ఎవరూ వెళ్ళని దారులు చూసి చారలక్క రోజుకో చోట రాసేది. సోమవారం కొండ వెనక, బుధవారం పాత గని దగ్గర. ఆ అడవిలో అంత చక్కగా, ఎవరినీ ముట్టుకోకుండా తిరిగిన పులి ఇంకోటి లేదు.

ఇంట్లో మిగిలింది ఇద్దరాడవాళ్ళు. ఆఫీసు వెనక రెండు గదుల క్వార్టర్సులో చారలక్క, తమ్ముడి పెళ్ళాం. మరదలికి నోట్లో నాలుక లేదని పేరు. ఏడవడం కూడా చప్పుడు లేకుండా ఏడ్చింది. వదినగారంటే గురి. "ఆయన పోయారుగానీ మిమ్మల్ని నాకు వదిలిపెట్టి పోయారు వదినా" అనేది. చారలక్క తల దువ్వుకోవడం మర్చిపోతే దువ్వేది. ఆ దువ్వెన తగిలినప్పుడల్లా చారలక్కకి నెత్తి మీద నిప్పు పోసినట్టుండేది.

భర్త పోయిన వాచరు కింద మరదలికి ఉద్యోగం ఇచ్చారు. ఎక్కడ వెయ్యాలా అని ఆలోచించి, పెద్దసారు దయతలిచాడు. "వేరే చోటెందుకు, వదిన దగ్గరే ఉండనీ. ఆ ఫోటోల గదిలో వేస్తాను."

"నేను చారలు నేర్పిస్తాను సార్" అంది చారలక్క గబగబా.

"చారలకి తొందరేముందమ్మా? కొత్తపిల్ల, ఏదైనా పాడుచేస్తే? ఆ ఖాళీ ఫోల్డర్ కొండలా పెరిగిపోయి కంప్యూటర్ నిండిపోయింది. ఆ అమ్మాయి చేత అవి ఒకసారి చూపించి, ఉత్త గడ్డి ఉన్నవి వేరే డిస్కులోకి మార్పించు. చెడగొట్టడానికి అందులో ఏముంది కనక."

ఉత్త గడ్డి ఫోటోలు వేలకు వేలు. ఎవరైనా సరే పదో ఫోటోకి ఆవలిస్తారు, వందో ఫోటోకి కళ్ళు మూసుకుని మీట నొక్కేస్తారు. చారలక్క ఆ ఆశ మీదే బతికింది. కానీ మొదటి రోజు గంట తిరక్కుండానే మరదలు చిన్న కేక వేసింది. తెర మీద తమ్ముడు, చెవులు పట్టుకుని గుంజీళ్ళు తీస్తూ.

"వదినా, ఈయన ఇక్కడున్నారేంటి?"

"కార్డు మార్చేటప్పుడు పడతారు" అంది చారలక్క. "మనుషుల్ని ఖాళీలో వేస్తాం."

"ఇంకా ఉంటాయా?"

ఇక మరదలు ఒక్క ఫోటో కూడా వదల్లేదు. గడ్డి తర్వాత గడ్డి, ఆకు తర్వాత ఆకు, బియ్యంలో రాళ్ళేరినట్టు ఒక్కొక్కటే పెద్దది చేసి మూలమూలలా చూసేది, ఎక్కడైనా ఒక మోచెయ్యి, ఒక చెప్పు, ఒక నీడ ఉంటుందేమోనని. దొరికినప్పుడల్లా ఒక కాగితం మీద నంబరు రాసుకునేది. ఎనిమిదిన్నరకే వచ్చి కూర్చునేది, అన్నానికి లేచేది కాదు. పది రోజుల్లో నలభై ఫోటోలు దొరికాయి. సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు, "ఈ రోజు నవ్వుతూ ఉన్నది దొరికింది వదినా" అని చెప్పేది. చారలక్క అన్నం మెతుకులు లెక్కపెడుతూ కూర్చునేది. మూడుసార్లు కంప్యూటర్ చెడిపోయిందని చెప్పింది. మూడుసార్లూ మరదలు ఆఫీసు కుర్రవాణ్ణి బతిమాలి బాగుచేయించుకుంది.

పదకొండో రోజు పొద్దున చారలక్క బోర్డు మీద పాత గని దారి పక్కన పన్నెండు రాసి, చెయ్యి కడుక్కుని గదిలోకి వచ్చింది. మరదలు కుర్చీలో లేదు. గోడ ముందు నిలబడి ఉంది. గోడ మీది రెండు అట్టలూ, పదకొండూ పన్నెండూ, దాని చేతుల్లో ఉన్నాయి. తెర మీద పులి వీపు.

"నలభై ఒకటోది దొరికింది" అంది మరదలు. గొంతు ఎప్పటిలాగే మెల్లగా ఉంది. "పలక నెత్తిన పెట్టుకున్నది. దాని ముందు ఫోటో ఇది. గడ్డి కాదు, మరి ఖాళీలో ఎందుకుందా అని చూశాను. ఈ అట్టలో ఎడమ పక్క లేదు. ఈ అట్టలో కుడి పక్క లేదు. రెండూ ఇందులో ఉన్నాయి."

"అది... కొత్తదానివి కదా, చారలు నీకు..."

"భుజం మీద విరిగిన కొమ్మలాగా ఒకటి. కింద రెండు చుక్కలు. అంత కష్టమేం కాదు." మరదలు అట్టల్ని బల్ల మీద పెట్టింది. "పలక మీద తేదీ ఉంది. ఆయన పోవడానికి ముప్ఫయి నాలుగు రోజుల ముందు. ఈ కార్డు ఆయనే మోసుకొచ్చి ఇచ్చారు. ఆయన మోకాలికి నొప్పని చెప్పింది మీరేనని గుమాస్తా అన్నాడు, అప్పుడు నాకు అర్థం కాలేదు."

చారలక్క కుర్చీ కోసం చెయ్యి చాచింది, అందలేదు. "వాణ్ణి కాపాడదామనే..." అంది.

"పొడుగుని పంపించి."

బయట షెడ్డులో ఎవరో జీపు స్టార్ట్ చేశారు, అది రెండుసార్లు దగ్గి ఊరుకుంది. పెద్దసారుకి చెప్తుందేమో, అరుస్తుందేమో, మీద పడి కొడుతుందేమో అని చారలక్క చూసింది. కొడితే బావుండుననిపించింది. మరదలు అవేవీ చెయ్యలేదు. వసారాలోకి వెళ్ళి బోర్డు ముందు ఆగి, పాత గని దారి పక్కన చాక్‌పీసు వేలిముద్రతో సహా ఉన్న పన్నెండుని చూసింది. తర్వాత గోడకి తగిలించి ఉన్న వాచర్ల పలకల్లోంచి ఒకటి తీసి చంకలో పెట్టుకుంది. అది తమ్ముడిదే, ఒక మూల విరిగి ఉంది.

"నువ్వే రాశావు కదా, ఈ పూట ఇది ఇక్కడుందని" అంది. ఆరేళ్ళ కాపురంలో వదినగార్ని నువ్వు అనడం అదే మొదటిసారి. "పద, చూపించు. జీపెందుకు, నడిచే వెళ్దాం. పన్నెండేగా."